ఇంటర్‌మింగిల్ అనే క్రియను ఎలా వాడాలి

ఇంగ్లిష్–తెలుగు నిఘంటువుల్లో మిక్స్ కోసం వెతికితే ‘కలుపు, కలియు’ అని ఉంటుంది. బ్లెండ్ కోసం వెతికినా దాదాపు అదే. మింగిల్, మెర్జ్, ఇంటర్‌మింగిల్, ఏ పేజీ తిప్పినా ఆ ‘కలియు’ మళ్లీ ఎదురవుతుంది. చదివేటప్పుడు దీంతో ఇబ్బంది లేదు. ఏదో ఏదో కలిశాయని అర్థమైపోతుంది, ముందుకు వెళ్లిపోతాం. మనమే ఒక వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. పెద్ద మాట కదా, గంభీరంగా ఉంటుందని ఇంటర్‌మింగిల్‌ను తెచ్చి మిక్స్ ఉండాల్సిన చోట కూర్చోబెడతాం. వ్యాకరణపరంగా ఎవరూ తప్పు పట్టలేరు. కానీ ఇంగ్లిష్ బాగా చదివేవాళ్ల చెవికి అది ఎబ్బెట్టుగా తగులుతుంది.

ఈ మాటను సరిగ్గా వాడడానికి కావలసిన సామగ్రి చాలావరకు తెలుగులోనే ఉంది. ‘లో’, ‘తో’ అనే రెండు విభక్తులు, ‘కలగలుపు’ అనే మంచి మాట. వీటిని ఎలా ఉపయోగించుకోవాలో వరసగా చూద్దాం. బడిలో నేర్చుకున్న ఇంగ్లిష్ వ్యాకరణం కొద్దిగా గుర్తుంటే చాలు.

ముందు మాటను విడగొట్టండి

ఇంటర్ అనేది లాటిన్ నుంచి వచ్చిన ఉపసర్గ. నడుమ, ఒకదానితో ఒకటి అని దాని అర్థం. ఇంటర్నేషనల్‌లోనూ ఇంటర్నెట్‌లోనూ ఉన్నది అదే. మింగిల్ మాత్రం లాటిన్ సంతానం కాదు. పాత ఇంగ్లిష్‌లో ‘మెంగన్’ అనే క్రియ ఉండేది, కలపడం అని దాని అర్థం. కాలక్రమంలో దాని చివర ‘ల్’ శబ్దం చేరి మింగిల్ తయారైంది.

ఆ ‘ల్’ దగ్గర కాసేపు ఆగండి. పని ఒక్కసారి కాకుండా చిన్నచిన్నగా, మళ్లీ మళ్లీ జరుగుతుందని చెప్పడానికి ఇంగ్లిష్‌లో ఆ ప్రత్యయం ఉంది. స్పార్క్ అంటే ఒక్క నిప్పురవ్వ, స్పార్కిల్ అంటే మిలమిలలాడడం. క్రాక్ అంటే ఒక్క చప్పుడు, క్రాకిల్ అంటే చిటపటలాడడం. మనం మాటను రెండుసార్లు అని సాధించేదాన్ని వాళ్లు చివర ఒక్క ‘ల్’తో సాధించారు. కాబట్టి మింగిల్ పుట్టుకలోనే ఒక్క దెబ్బకు ముద్దయిపోవడం లేదు. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం, చాలాచోట్ల కలవడం ఉంది.

మరో సంగతి కూడా ఉంది. మనం రోజూ వాడే ‘అమంగ్’ కూడా మెంగన్‌కు చుట్టమే. గుంపులో ఉండడం అనే భావం నుంచి వచ్చింది. అంటే ఇంటర్‌మింగిల్‌లో ‘నడుమ’ అన్న భావం లాటిన్ వైపు నుంచి ఒకసారి, ఇంగ్లిష్ వైపు నుంచి మరోసారి వచ్చి చేరిందన్నమాట. 15వ శతాబ్దం నాటికే ఇంగ్లిష్ రాతల్లో ఈ మాట కనిపిస్తుంది.

మూలం తెలిసినంతమాత్రాన వాడుక తెలిసిపోదు. పాత అర్థాలను వదిలేసి ఎక్కడికో వెళ్లిపోయిన మాటలు బోలెడు. ఈ మాట విషయంలో మాత్రం మూలం ఇప్పటికీ పని చేస్తోంది.

తర్వాత పైకి పలకండి

ఇన్, టర్, మింగ్, గల్. నాలుగు భాగాలు. బలం మూడోదాని మీద పడాలి: ఇంటర్మింగ్గల్. మనవాళ్లు సాధారణంగా మొదటి ‘ఇన్’ను ఒత్తి పలుకుతారు, అక్కడే యాస తేడా వస్తుంది. మనం అలవాటుగా ‘మింగిల్’ అని రాస్తాం గానీ, చివర్లో నిజానికి స్పష్టమైన ‘ఇ’కారం లేదు. గకారం తర్వాత నాలుక సరాసరి లకారం మీదకు జారిపోతుంది.

ఇందులోని గకారం మాత్రం మనకు ఉచితంగా వచ్చేస్తుంది. రంగు, దొంగ అన్నప్పుడు సున్న తర్వాత గకారాన్ని ఎలా పలుకుతామో ఇదీ అంతే. సింగర్ లాంటి మాటల్లో ఆ గకారం పలకకూడదు కాబట్టి అక్కడ మనం తడబడతాం. ఇక్కడ ఆ బాధ లేదు.

రూపాలు కూడా సులువే. భూతకాలంలో ఇంటర్‌మింగిల్డ్, ఏకవచన కర్తకు ఇంటర్‌మింగిల్స్. ఇంగ్ చేర్చేటప్పుడు చివరి ఇ అక్షరం రాలిపోయి ఇంటర్‌మింగ్లింగ్ అవుతుంది. నామవాచకం కావాలన్నా ఇదే రూపం వాడండి. ఇంటర్‌మింగిల్‌మెంట్ అనే మాట పెద్ద నిఘంటువుల్లో ఉన్నా వాడుకలో దాదాపు కనిపించదు, దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు ‘లో’, ‘తో’ పరీక్ష పెట్టండి

అసలు పని ఇక్కడ ఉంది. మిగతావన్నీ మర్చిపోయినా ఇది గుర్తుంటే సగానికి పైగా తప్పులు పోతాయి.

ఈ రెండు వాక్యాలు చూడండి. ‘అతను జనంలో కలిసిపోయాడు.’ ‘అతను జనంతో కలిసిపోయాడు.’ క్రియ ఒక్కటే, కానీ బొమ్మ వేరు. మొదటి వాక్యంలో మనిషి మాయమయ్యాడు. వెంటపడుతున్నవాళ్లకు ఇక దొరకడు. రెండో వాక్యంలో మనిషి కనిపిస్తూనే ఉన్నాడు, నలుగురితో మాటలు కలిపాడు, వాళ్లలో ఒకడిగా మెలిగాడు. ‘లో’ అన్నప్పుడు ఒకటి పెద్దది, ఇంకొకటి దానిలో పడి లీనమయ్యేది. ‘తో’ అన్నప్పుడు రెండూ సాటి.

ఇంటర్‌మింగిల్ ‘తో’ వైపు మాట. మీ మనసులో ఉన్న తెలుగు వాక్యంలో కలిసే వస్తువుకు ‘లో’ తగిలితే ఈ క్రియను పక్కన పెట్టండి. ఉపనది నదిలో కలుస్తుంది. అక్కడ జాయిన్ లేదా ఫ్లో ఇంటూ కావాలి. ఉప్పు నీటిలో కరుగుతుంది, అక్కడ డిజాల్వ్. చిన్న కంపెనీ పెద్ద కంపెనీలో విలీనమవుతుంది, అక్కడ మెర్జ్. దొంగ జనంలో కలిసిపోతాడు, అక్కడ బ్లెండ్ ఇంటూ లేదా డిసపియర్ ఇంటూ. వీటిలో ఎక్కడా ఇంటర్‌మింగిల్‌కు చోటు లేదు.

అనుమానం తీరకపోతే రెండిటినీ తారుమారు చేసి చూడండి. ‘వాస్తవం కల్పనతో కలగలిసింది’ అన్నా, ‘కల్పన వాస్తవంతో కలగలిసింది’ అన్నా నిజమే. కాబట్టి ఇంటర్‌మింగిల్ నప్పుతుంది. ‘ఉప్పు నీటిలో కరిగింది’ అన్నదాన్ని ‘నీరు ఉప్పులో కరిగింది’ అని మార్చండి, నవ్వొస్తుంది. కాబట్టి నప్పదు. తారుమారు చేసినా చెక్కుచెదరని ఇలాంటి క్రియల్ని వ్యాకరణంలో పరస్పరార్థక క్రియలంటారు. అర్థం చెదరదు గానీ, ముందు ఏది పెట్టామో దాని గురించే మాట్లాడుతున్నామని పాఠకుడు అనుకుంటాడు. నవల గురించి రాస్తుంటే కల్పనను ముందు పెట్టండి, చరిత్ర పుస్తకం గురించైతే వాస్తవాన్ని.

‘తో’ ఉన్న ప్రతిచోటా మాత్రం ఇది పనికిరాదు. తెలుగులో ‘కలవడం’ అంటే ఎవరినైనా కలుసుకోవడం కూడా. ‘నిన్న స్నేహితుడితో కలిశాను’ అనుకుని ఐ ఇంటర్‌మింగిల్డ్ విత్ మై ఫ్రెండ్ అని రాస్తే వినేవాడు కంగారుపడతాడు, ఇద్దరు మనుషులు ఒకరిలోకి ఒకరు ఎలా చొరబడ్డారా అని. అక్కడ మెట్ చాలు. ‘నాన్నతో కలిసి వెళ్లాను’ అన్నదీ అంతే. అది తోడు, కలయిక కాదు. కాబట్టి ‘తో’ కనిపించగానే ఇంకో ప్రశ్న వేసుకోండి: దీని బదులు ‘కలగలిసింది’ అనగలనా? స్నేహితుడితో కలగలిశాను అని ఎవరూ అనరు.

కలిశాక రెండూ కనిపిస్తున్నాయా?

పరీక్షలో ఇది రెండో సగం. ఇంటర్‌మింగిల్ అన్నప్పుడు సాధారణంగా కలిసినవాటి ఆనవాళ్లు మిగిలి ఉంటాయి. నవ్వులూ ఏడుపులూ కలగలిసినా ఏది నవ్వో ఏది ఏడుపో చెప్పగలం. నీలం, పసుపు రంగులు పూర్తిగా కలిపితే ఆకుపచ్చ వస్తుంది. అది బ్లెండ్, లేదా మామూలు మిక్స్. అదే బట్ట మీద నీలం పోగులు, పసుపు పోగులు దగ్గరదగ్గరగా కనిపిస్తుంటే అది ఇంటర్‌మింగిల్.

ఇది చట్టం కాదు, మొగ్గు మాత్రమే. రెండు వాయువుల అణువులు ఇంటర్‌మింగిల్ అయ్యాయని సైన్స్ పుస్తకాల్లో రాస్తారు. ఆ అణువులను విడిగా చూసే కన్ను మనకు లేదు. అయినా అవి కొత్త పదార్థంగా మారలేదు, ఏ అణువుకు ఆ అణువు అలాగే ఉంది. ఆ లెక్కన మాట అక్కడా సరిపోయింది. రసాయన చర్య జరిగి కొత్తది పుడితే మాత్రం ఇక ఇంటర్‌మింగిల్ కుదరదు, రియాక్ట్ లేదా కంబైన్ అనాలి.

‘నాట్’ చేర్చి వాడినప్పుడు ఈ మాట ఇంకా స్పష్టంగా బోధపడుతుంది. బ్రెజిల్‌లో మనౌస్ నగరం దగ్గర రియో నెగ్రో, సొలిమోయెస్ అనే రెండు నదులు కలుస్తాయి. మొదటిది నల్లని డికాషన్ రంగు, రెండోది బురద రంగు. నీళ్ల వేడి, వేగం, సాంద్రత వేరుకావడంతో కలిశాక కూడా సుమారు 6 కిలోమీటర్ల దూరం రెండూ పక్కపక్కనే, నడుమ గీత గీసినట్టుగా పారతాయి. అక్కడ నదులు మీట్ అయ్యాయి, కానీ వాటి నీళ్లు డు నాట్ ఇంటర్‌మింగిల్. కలుసుకోవడానికీ కలగలవడానికీ ఉన్న దూరం అక్కడ కళ్ల ముందే పరుచుకుని ఉంటుంది. గీత చెదిరి, నల్లని నీళ్లు బురద నీళ్లలోకి, బురద నీళ్లు నల్లని వాటిలోకి సుడులు తిరగడం మొదలైనప్పుడు బిగిన్ టు ఇంటర్‌మింగిల్. ఇంకా కిందికి వెళ్లాక మిగిలేది ఒకే అమెజాన్.

వాక్యం చట్రాన్ని ఎంచుకోండి

క్రియ నప్పుతుందని తేలాక దాన్ని వాక్యంలో ఎలా దించాలి? తెలుగులో కలిసేది ఒక క్రియ, కలిపేది ఇంకో క్రియ: రంగులు కలగలిశాయి, చిత్రకారుడు రంగులు కలగలిపాడు. ఇంగ్లిష్‌లో రెండు పనులకూ ఇంటర్‌మింగిల్ ఒక్కటే. దాంతో ఎవరు చేశారన్నది క్రియ చెప్పదు, వాక్యంలో మాటల వరస చెబుతుంది.

కర్త బహువచనమైతే కర్మ అక్కర్లేదు. ఫ్యాక్ట్ అండ్ ఫిక్షన్ ఇంటర్‌మింగిల్ ఇన్ ది నావెల్. ఇది అన్నిటికంటే శుభ్రమైన వాడుక, మొదట దీన్నే అలవాటు చేసుకోండి. ఒకదాన్ని ముందుకు తేవాలంటే ఫ్యాక్ట్ ఇంటర్‌మింగిల్స్ విత్ ఫిక్షన్. చివర ‘స్’ వచ్చింది చూశారా? విత్ తర్వాత వచ్చింది కర్తలో భాగం కాదు కాబట్టి క్రియ ఏకవచనంలోకి దిగింది. ఇది మనకు కొత్త కాదు. ‘ఆశ భయంతో కలగలిసింది’ అంటాం, ‘ఆశా భయమూ కలగలిశాయి’ అంటాం. అచ్చంగా అదే లెక్క.

చేసేవాళ్లు ఉంటే ది రైటర్ ఇంటర్‌మింగిల్స్ ఫ్యాక్ట్ విత్ ఫిక్షన్. విత్ బదులు అండ్ పెట్టినా ఒప్పే. చేసేవాళ్లతో పని లేనప్పుడు ఫ్యాక్ట్ ఈజ్ ఇంటర్‌మింగిల్డ్ విత్ ఫిక్షన్. ఈ చివరిది రాతలో బాగా కనిపిస్తుంది. అయితే ఆర్ ఇంటర్‌మింగ్లింగ్ అంటే కలగలుస్తున్నాయి, పని జరుగుతోంది. ఆర్ ఇంటర్‌మింగిల్డ్ అంటే కలగలిసి ఉన్నాయి, పని అయిపోయి స్థితి మిగిలింది. తెలుగులో ఈ తేడా మనం ఎన్నడూ తప్పం. ఇంగ్లిష్‌లో తప్పుతాం, ఎందుకంటే వర్తమానం అనగానే చెయ్యి అలవాటుగా ఇంగ్ వైపు పోతుంది.

విభక్తి విత్ ఒక్కటే, టు కాదు, బిట్వీన్ కూడా కాదు. ఇంటర్‌మింగిల్ ఈచ్ అదర్ అనేది తప్పు, నడుమ విత్ ఉండాలి. ఉన్నా అది దండగే, ఎందుకంటే పరస్పరం అన్న భావం క్రియలోనే ఉంది. ఇంటర్‌మింగిల్ టుగెదర్ అన్నదీ అలాంటిదే. పరీక్షల్లో దిద్దమని ఇచ్చే వాక్యాలకు ఈ టుగెదర్ సరిగ్గా సరిపోయే సరుకు, కనబడగానే కొట్టేయండి.

ఇంకో లోపం అంత సులువుగా కంటికి ఆనదు. ది కలర్ ఇంటర్‌మింగిల్డ్. ఒక్క రంగు దేనితో కలగలిసింది? రెండో పక్షం లేకుండా ఈ క్రియ నిలబడదు. క్రౌడ్ లాంటి సమూహవాచకాలైతే పరవాలేదు, ఒక మాటలోనే పలువురు ఉన్నారు.

తోబుట్టువుల నుంచి వేరు చేయండి

మిక్స్ అందరి పనీ చేస్తుంది. చెయ్యమని చెప్పేచోట మిక్స్ తప్ప వేరేది వద్దు. సిమెంటు, ఇసుక ఇంటర్‌మింగిల్ చెయ్యమని కూలీలకు ఎవరూ చెప్పరు. ఇంటర్‌మింగిల్ వర్ణనకు పనికొచ్చే మాట, ఆజ్ఞకు కాదు. నోటి మాటలోనూ అరుదు. వ్యాసం, పుస్తక సమీక్ష, సైన్స్ రచన, యాత్రా కథనం దాని తావులు. నా అభిప్రాయం అడిగితే, మిక్స్‌తో పని జరిగేచోట మిక్స్ రాయడమే మర్యాద.

మింగిల్ దగ్గర మనకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. అది తెలుగులోకి ఎప్పుడో వచ్చేసింది. ‘ఆ అమ్మాయి అందరితో ఇట్టే మింగిల్ అవుతుంది’, ‘వాడు ఎవరితోనూ మింగిల్ అవ్వడు’ అంటూ రోజూ వింటాం. దాంతో మింగిల్ అంటే చనువుగా మెలగడం అని స్థిరపడిపోయింది. ఇంగ్లిష్‌లోనూ ఆ అర్థం ఉంది, విందుల్లో నలుగురినీ పలకరిస్తూ తిరగడాన్ని మింగిల్ అనే అంటారు. కానీ ముందు ఇంటర్ చేరాక ఆ అర్థం సన్నగిల్లుతుంది. ఒక మనిషి కలుపుగోలుతనం గురించి చెబుతుంటే ఇంటర్‌మింగిల్ వద్దు. గుంపులు గుంపులతో కలవడం గురించైతే కావాలి. కొత్త ఉద్యోగి మింగిల్స్ విత్ కొలీగ్స్. రెండు విభాగాల ఉద్యోగులు సెలవు రోజు యాత్రలో ఇంటర్‌మింగిల్.

కమింగిల్ అనే మాట అర్థంలో దీనికి కవల పిల్ల లాంటిదే, కాకపోతే డబ్బు, చట్టం వైపు స్థిరపడింది. లాయరు తన దగ్గర క్లయింటు దాచిన సొమ్మును తన సొంత ఖాతాలో కలిపేస్తే దాన్ని కమింగ్లింగ్ ఆఫ్ ఫండ్స్ అంటారు. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 1.15వ నియమం ఈ రెండు సొమ్ములూ విడివిడిగా ఉంచాలని చెబుతుంది. ఇలాంటిచోట ఇంటర్‌మింగిల్ రాస్తే అర్థం మారదు గానీ, ఆ రంగంలో ఉన్నవాళ్లు వాడే మాట కమింగిల్. గాజు, కాగితం, ప్లాస్టిక్ అన్నీ ఒకే డబ్బాలో వేసే చెత్త సేకరణకూ కమింగిల్డ్ అనే అంటారు. ఇంటర్‌మింగిల్‌కు కూడా సొంత వృత్తి ఒకటుంది. దారాల పరిశ్రమలో గాలిని బలంగా ఊది సన్నని పోగుల్ని అక్కడక్కడ ముడిపడేలా చేసిన దారాన్ని ఇంటర్‌మింగిల్డ్ యార్న్ అంటారు. పోగులు కరిగిపోవు, అతుక్కోవు, ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. మాట అర్థం చెప్పమంటే ఆ దారం చూపించొచ్చు.

మిగతావి క్లుప్తంగా చూద్దాం. మెర్జ్ లాటిన్‌లో ముంచడం అనే క్రియ నుంచి వచ్చింది, సబ్‌మెర్జ్ దాని బంధువే, అందుకే అందులో మునిగిపోవడం ఉంది. ఫ్యూజ్‌లో కరిగి ఒక్కటవడం ఉంది. ఇంటర్‌ట్వైన్ అంటే తీగల్లా పెనవేసుకోవడం. ఇంటర్‌స్పర్స్ అంటే ఒకదాని నడుమ ఇంకోదాన్ని అక్కడక్కడ చల్లడం, ఇది ఇరువైపులా సమానం కాదు. ఇంటర్‌మిక్స్‌కూ ఇంటర్‌మింగిల్‌కూ తేడా వెతకడం దండగ. జాతుల మధ్య సంతానం గురించి చెప్పేటప్పుడు ఇంటర్‌బ్రీడ్ కావాలి. ఆఫ్రికా బయటి మూలాలున్న నేటి మనుషుల జన్యువుల్లో సుమారు 1 నుంచి 2 శాతం నియాండర్తాల్‌లు అనే అంతరించిపోయిన ఆదిమానవుల నుంచి వచ్చిందంటే, ఇరువురూ ఒకేచోట ఇంటర్‌మింగిల్ అవ్వడమే కాదు, ఇంటర్‌బ్రీడ్ కూడా అయ్యారని అర్థం.

మనుషుల గుంపుల గురించి రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఇంటర్‌మింగిల్‌కు వ్యతిరేక పదం అడిగితే సెగ్రిగేట్ చెప్పండి, వేరుచేసి ఉంచడం. ఆ జంటకు చరిత్ర ఉంది. రైళ్లలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేర్వేరు పెట్టెలు ఉండొచ్చంటూ అమెరికా సుప్రీంకోర్టు 1896లో ప్లెస్సీ వర్సెస్ ఫెర్గూసన్ కేసులో ఇచ్చిన తీర్పులో కమింగ్లింగ్ అనే మాట కనిపిస్తుంది, బలవంతంగా చేయకూడని పనిగా. బడుల విషయంలో ఆ సిద్ధాంతాన్ని అదే కోర్టు 1954లో కొట్టేసింది. ఆ కాలపు రాతల్లో ఈ మాటలు భయంతోనూ విముఖతతోనూ వచ్చేవి. ఇప్పుడు వాటికి ఆ విషం లేదు. అయినా సముదాయాల గురించి రాస్తుంటే పక్కన ఏ విశేషణం పెడుతున్నారో ఒకసారి చూసుకోండి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

అనువాదంలో మొదట తట్టవలసింది కలగలియడం. వాసనలు, రంగులు, శబ్దాలు, జ్ఞాపకాలు, అన్నిటికీ అది సరిపోతుంది. భావాలైతే పెనవేసుకోవడం కూడా బాగుంటుంది. ఎవరైనా నేర్పుగా కలిపితే మేళవించడం, అందులో మెచ్చుకోలు ఉంటుంది. సముదాయాల గురించైతే కలిసిమెలిసి ఉండడం నయం. ‘పరస్పరం మిశ్రితమగుట’ లాంటివి నిఘంటువులోనే ఉండనివ్వండి. విలీనం వద్దు, అది మెర్జ్‌ది. మమేకం కూడా వద్దు, అక్కడ ఇద్దరు ఒకరైపోతారు. మిశ్రమం ల్యాబ్ వాసన కొడుతుంది, పదార్థాల గురించి రాస్తే తప్ప వాడకండి. కొందరు రచయిత పేరు చూసి గౌరవంగా ‘సమ్మేళనం’ అని రాస్తారు. ఆ మాట సభలకు, రసాయన శాస్త్రానికి బాగా అలవాటైపోయింది, నవలలోని ఆశ–భయాలకు అతకదు.

కొన్ని వాక్యాలతో సాధన చేయండి

జవాబు చదివేముందు మీరే తేల్చుకోండి.

‘పాత జ్ఞాపకాలూ కొత్త కలలూ ఆమె కథల్లో కలగలిసి ఉంటాయి.’ ఇది సులువు. ఓల్డ్ మెమరీస్ అండ్ న్యూ డ్రీమ్స్ ఇంటర్‌మింగిల్ ఇన్ హర్ స్టోరీస్.

‘కొత్తగా వచ్చిన అబ్బాయి ఎవరితోనూ కలవడు.’ ఒక మనిషి స్వభావం, కాబట్టి మింగిల్.

‘పెయింట్‌లో థిన్నర్ కలపండి.’ ‘లో’ ఉంది, పైగా ఆజ్ఞ. మిక్స్ లేదా యాడ్.

‘ఆట అయ్యాక రెండు జట్ల అభిమానులు స్టేడియం బయట కలిసిపోయారు.’ ఇక్కడ ఏం జరిగిందో ఊహించుకోవాలి. జెర్సీల రంగులు గుంపంతా అక్కడక్కడ మెరుస్తుంటే ఫ్యాన్స్ ఆఫ్ బోత్ టీమ్స్ ఇంటర్‌మింగిల్డ్ అవుట్‌సైడ్ ది స్టేడియం. తగవు మానేసి ఒక్కటయ్యారని చెప్పదలుచుకుంటే ఇది చాలదు, ఆ సంగతి వేరే వాక్యంలో చెప్పాలి.

‘తడి మట్టి వాసనా పూల వాసనా గాలిలో కలిశాయి.’ ‘లో’ కనిపించగానే ఇంటర్‌మింగిల్‌ను తీసేశారా? తొందరపడ్డారు. ఇక్కడ గాలి వాసనలను మింగే పెద్దది కాదు, అవి కలిసిన చోటు మాత్రమే. కలిసిన పక్షాలు రెండు వాసనలు, వాటి మధ్య ఉన్నది ‘ఒకదానితో ఒకటి’. ఏ మాటకు ‘లో’ తగిలిందో చూడకుండా పరీక్ష ముగించకూడదు. ది స్మెల్ ఆఫ్ వెట్ ఎర్త్ అండ్ ది సెంట్ ఆఫ్ ఫ్లవర్స్ ఇంటర్‌మింగిల్డ్ ఇన్ ది ఎయిర్ అని నిశ్చింతగా రాయండి. అదే ‘పొగ గాలిలో కలిసిపోయింది’ అయితే రెండో పక్షం గాలే. అది చోటు కాదు, పొగను మాయం చేసింది. అక్కడ డిస్పర్స్‌డ్ రాయాలి.